లేదు, తెలియదు

సోమవారం పొద్దున కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్ ఫోన్ చేసి, గుమాస్తా గారు పోయారని చెప్పాడు. "నిజమేనా, ఎవరు చూశారు?" అని అడిగాను. ఆయన దగ్గర ఆరేళ్ళు పనిచేసినవాడి నోటికి ముందు వచ్చే మాట అదే.

నల్లపాడు దారిలో ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల, అంటే బస్తాల, లెక్కంతా ఆయనదే. కళ్ళతో చూడనిది ఏదీ నమ్మేవారు కాదు. హమాలీ వంద టిక్కీలు దించామంటే, "నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఇంకా ఎవరూ చూళ్ళేదు" అని లేచేవారు. శుక్రవారం నమాజుకు వెళ్ళేముందు రిజిస్టరు మూసి బీరువాలో పెట్టేవారు. ఆ తర్వాత యజమాని అడిగినా జవాబుండదు. "పుస్తకం మూశాక నోటిలెక్క చెప్పనండీ" అనేవారు. సరుకు ఒక ఛాంబర్ నుంచి ఇంకోదానికి మారితే, తీసిందీ పెట్టిందీ కలం ఎత్తకుండా ఒక్క ఊపున రాసేవారు. మధ్యలో ఎవరైనా పిలిస్తే రెండు వరసలూ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. చాదస్తం అనుకునేవాణ్ణి.

నేను పుస్తకాలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నవాణ్ణి. ఆ రిజిస్టరును కంప్యూటరు బ్రౌజర్‌లోకి ఎక్కించింది నేనే. పేజీ త్వరగా తెరుచుకోవాలని ముందు లాట్ నంబరూ రైతు పేరూ మాత్రమే తెచ్చి, టిక్కీల వివరం ఎవరైనా అడిగినప్పుడే డేటాబేస్ నుంచి తెచ్చేలా పెట్టాను.

ఒకరోజు వినుకొండ రైతు తన అరవై టిక్కీల కోసం వచ్చాడు. తెర మీద సున్నా. గుమాస్తా గారు అతణ్ణి ఛాంబర్లోకి తీసుకెళ్ళి, అతని రంగు గుర్తు వేసిన అరవై టిక్కీలూ చూపించారు. అక్కడితో అయిపోలేదు. ఆ వారం ఇంకో రెండు లాట్లు తెర మీద సున్నా అన్నాయి, సరుకేమో లోపల దొరికింది. గుమాస్తా గారు లెక్కలో లేకుండా చేసి సరుకు సొంతానికి దాస్తున్నారని, ఎవరైనా అడిగితేనే బయటపెడుతున్నారని యజమానికి అనుమానం వచ్చింది. తాళాలు తీసేసుకుని, సంగతి తేలేదాకా బయట బల్ల మీద కూర్చోమన్నారు. ముప్ఫై ఏళ్ళు ఆ తాళాలు మోసిన మనిషి వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు.

నేనూ అనుమానించాను. రోజూ జరిగింది నోట్‌బుక్కులో రాసుకునే అలవాటు నాది. ఆ రోజు పేజీలో "గుమాస్తా గారే అయ్యుంటారు" అని ఉంది. ఆయన ఏ లెక్క ఎప్పుడు మార్చారో పట్టుకుందామని మూడు రోజులు వెతికాను. దొరికింది నా తప్పు. డేటాబేస్‌తో పని ముగించి తలుపు మూసేశాక కొన్నిసార్లు నా పేజీ టిక్కీల వివరం అడుగుతోంది. జవాబు రాదు. రాకపోతే ఏం చూపించాలో తోచక, మొదట్లో ఎప్పుడో నేనే సున్నా అని పెట్టాను.

బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పాను. చివరిదాకా విన్నారు.

"అంటే నీ మిషన్‌కి తెలియలేదు."

"అవునండీ."

"తెలియకపోతే తెలియదనాలి గానీ లేదంటావేంట్రా? తెలియదంటే జనం వెతుక్కుంటారు. లేదంటే దొంగెవడా అని చూస్తారు."

ఆ మాట తర్వాత నేను రాసిన ప్రతి ప్రోగ్రాములోనూ ఉంది. కావలసినదంతా తలుపు మూయకముందే తెచ్చుకోవడం, తీసిందీ పెట్టిందీ రెండూ పడితేనే పడనివ్వడం, లేకపోతే రెండూ కొట్టేయడం. వీటికి పుస్తకాల్లో పెద్ద పేర్లున్నాయి. నాకు అర్థమైంది మాత్రం ఆయన రిజిస్టరు వల్లే. నోట్‌బుక్కులో నేను రాసుకున్న మాట ఆయనకు చెప్పలేదు. ఆయనకు తెలియదని మాత్రం అనుకోను.

ఆ రోజే యజమానికీ ఇదంతా చెప్పాను. విని ఆయనే తాళాలు పట్టుకుని బయటికి వచ్చారు. పొరపాటైపోయింది, లోపలికి రండి అన్నారు. గుమాస్తా గారు వెంటనే చెయ్యి చాపలేదు.

"మూడు రోజులూ ఇవి ఎవరి దగ్గరున్నాయండీ?"

"నా దగ్గరే."

"అయితే ముందు లెక్కపెట్టుకోవాలి."

తాళాలు తీసుకుని మొదటి ఛాంబర్ తలుపు లాగారు. తెల్లటి చలి పొగ బయటి ఎండలోకి దొర్లుకుంటూ వచ్చింది. ఆయన అందులోకి నడిచారు. కాసేపటికి మనిషి కనిపించలేదు. ఒకటి, రెండు, మూడు అని గొంతు మాత్రం లోలోపలికి పోతూ వినిపించింది.