ఆపకూడని ఇంజను

మదనపల్లెలో నేను పని చేసే కాలేజీలో కార్ల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. ఫిజిక్సు చెప్పేవాణ్ణి కాబట్టి, ఇంజను అనేది నా ఇంట్లో పుట్టినట్టు మాట్లాడేవాణ్ణి. ఈ గర్వం సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త తేలిక.

మా అక్క రామకుప్పం దగ్గర ఒక పల్లెలో ఒంటరిగా ఉండేది. బావ పోయాక నా దగ్గరికి రమ్మంటే, రాగి చేనూ రెండు ఆవులూ వదిలి రానంది. అమ్మ లేని నన్ను పెంచింది ఆమే. ఆమెకు గుండె బలహీనపడింది. ఎప్పుడు ఆయాసం ఎక్కువైనా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని కుప్పం ఆసుపత్రిలో చెప్పారు. నా పాత కారు పలమనేరు చేరేలోపే రెండుసార్లు ఆగి నీళ్ళు తాగేది. అందుకే కొత్త కారు కొనాలనుకున్నాను.

నాకు నచ్చిన కారుకు ఆ ఏడాదే ఇంజను మొత్తం మార్చారు. నాలుగు సిలిండర్లను మూడు చేసి, టర్బో తగిలించారు. కొనే ముందు పుంగనూరు వెళ్ళి, పదిహేనేళ్ళుగా నా బండి చూస్తున్న మెకానిక్కును అడిగాను. ఆయన షెడ్డులో అప్పటికే అలాంటి కారు ఒకటి బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది.

"కొత్త ఇంజన్ను మొదటి ఏడాది కొనొద్దు సార్. వేడి మీద ఆపితే మళ్ళా పట్టుకోవడంల్యా. సల్లారేదాకా కూసోవాల. ఇంకో ఏడాదికి వాళ్ళే సరిసేస్తారు," అన్నాడు.

అంతవరకూ ఆగలేనంటే, పాత ఇంజనుతో ఒకే చేతి మీద నడిచిన బండి పలమనేరులో ఉందని, తానే దగ్గరుండి చూసి ఇప్పిస్తానని అన్నాడు. ఒకరు వాడి వదిలిన బండి ఎక్కడం నాకు నామోషీ. షోరూములో అడిగితే ఆ లోపం ముందు వచ్చిన బండ్లలోదని, ఇప్పుడు సరిచేశారని చెప్పారు. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను.

మూడో నెలలో పలమనేరు దగ్గర టీ తాగడానికి ఆపాను. టీ అయింది, కారు కదల్లేదు. ముప్పావు గంట తర్వాత ఏమీ ఎరగనట్టు పట్టుకుంది. ఇంకోసారి కాలేజీ ఆవరణలోనే అలా అయింది. సర్వీసు సెంటరువాళ్ళు లాప్‌టాప్ తగిలించి, ఏ లోపమూ కనబడలేదని పంపేశారు. నేను ఎవరికీ చెప్పలేదు. పుంగనూరులో ఆ మెకానిక్కు షెడ్డు ముందు నుంచి పోకుండా వెనక వీధి పట్టేవాణ్ణి. పెట్రోలు బయలుదేరే ముందే పోయించేవాణ్ణి. దారిలో ఎక్కడ ఆగినా ఇంజను మాత్రం ఆపేవాణ్ణి కాదు. అక్కతో మాత్రం, ఫోను చెయ్యి చాలు, రెక్కలు కట్టుకుని వచ్చేస్తానని చెప్పేవాణ్ణి.

ఒక శనివారం సాయంత్రం మామూలుగా చూసిపోదామని వెళ్ళాను. అక్క అరుగు మీద గోడకు ఆనుకుని, మాట రాక, నోటితో గాలి పీలుస్తోంది. పక్కింటామె అప్పుడే అంబులెన్సుకు ఫోను చేయబోతోంది. కారుండగా అంబులెన్సు దేనికని ఆపింది నేనే. ఇంజను ఆపకుండానే అక్కను వెనక సీట్లో పడుకోబెట్టి, పక్కింటామెను తోడు ఎక్కించుకుని బయలుదేరాను.

నాలుగైదు మైళ్ళు పోయామో లేదో, రోడ్డు మధ్యలో ఒక పెద్ద రైతు తువ్వాలు అడ్డంగా ఊపుతూ నిలబడ్డాడు. అడవిలోంచి ఏనుగులు దిగాయి. ఆ దారిలో ఏనుగులు దాటుతుంటే బండి నిలిపి, లైట్లు ఆర్పి, ఇంజను కూడా ఆపేయాలి. ఎవరూ బోర్డు పెట్టలేదు గానీ అందరూ పాటిస్తారు. చప్పుడుకు మంద బెదిరి వెనక్కి తిరిగితే చేలల్లో కాపలా ఉన్నవాళ్ళ మీద పడుతుంది. కిందటి ఏడాది అక్క పక్క చేని రైతు అలాగే పోయాడు.

కారు నిలిపాను, లైట్లు ఆర్పాను. చెయ్యి తాళం మీద ఉంది, తిప్పలేదు. పెద్దాయన ఆపమని మళ్ళీ సైగ చేశాడు. వెనక నుంచి, ఆయాసం మధ్య కూడదీసుకున్న అక్క గొంతు వచ్చింది.

"ఆపప్పా. వాళ్ళు ఆడ సేలో ఉండారు."

ఆపితే మళ్ళీ కదలదని అప్పుడైనా చెప్పవచ్చు. ఆమె భయపడుతుందని చెప్పలేదని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. సిగ్గుతో చెప్పలేదు. తాళం తిప్పేశాను.

అయిదు ఏనుగులు, ఒక పిల్ల, తొందరేమీ లేకుండా దాటాయి. తర్వాత తాళం ఎన్నిసార్లు తిప్పినా ఇంజను గురగురమంది తప్ప అందుకోలేదు. చేలల్లోంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. తోస్తే పట్టుకునే రకం బండి కాదని తెలిసీ వాళ్ళను తోయనిచ్చాను. ఆ పల్లంలో ఫోను పలకలేదు. అంబులెన్సును పిలవడానికి ఒకతను సిగ్నలు కోసం మిట్ట మీదికి పరుగెత్తాడు. అరగంటకు, అంబులెన్సు కన్నా ముందే పాలవ్యాను వస్తే, క్యాన్లు పక్కకు జరిపి, దుప్పటి పరిచి అక్కను ఎక్కించారు.

తల నా ఒళ్ళో పెట్టుకుని, "కొత్త బండికి ఏమైందప్పా?" అని అడిగింది.

"ఏం లేదక్కా," అన్నాను.

కుప్పం ఆసుపత్రి గేటులోకి తిరిగేసరికి ఆమె లేదు. అరగంట ముందు తెచ్చి ఉంటే బతికేదా అని డాక్టర్ను నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

మరునాడు పొద్దున కారు కోసం వెళ్ళాను. ఆ రైతులు రాత్రంతా వంతులవారీగా దానికి కాపలా కాశారు. తాళం పెట్టి తిప్పగానే ఇంజను పట్టుకుంది. దాని మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తువ్వాలు ఊపిన పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"బండి బాగనే ఉండాది. ఆపమనింది నేనే కదప్పా. ఆయమ్మను నేనే పొట్టన పెట్టుకున్నా," అన్నాడు.

మీ తప్పేమీ లేదన్నాను. ఎవరి తప్పో చెప్పలేదు. ఆయన చేతులు జోడించి పక్కకు తొలగి, నా కారుకు దారి ఇచ్చాడు.