సిస్టరమ్మ అడిగే పేరు

మా బొగ్గుగని ఆసుపత్రిలో తల గాయాల రోగులను చూసే సిస్టరమ్మ మద్రాసులో ప్రత్యేక శిక్షణ పొందినవారు. గనిలో దెబ్బతిన్న మా అన్నను అరగంటకొకసారి లేపి, కళ్లలో టార్చి వేసి, పేరు అడిగేవారు.

"ఎన్నిసార్లడుగుతవ్ సిస్టరమ్మా? నా పేరు మారుతదా?" అని అన్న కసిరేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం మాత్రం అన్న కసరకుండా, మెల్లగా పేరు చెప్పాడు. బుద్ధి వచ్చిందని సంతోషించాను.

"గిప్పుడెందుకు తిడుతలేడు?" అంటూ ఆమె టార్చి వేశారు. ఒక కంటిపాప పెద్దదై ఉంది. వెంటనే డాక్టరును పిలిచారు. తలలో చేరిన రక్తాన్ని ఆ సాయంత్రమే తీశారు.

ఆపరేషనైన మూడవనాడు ఆమె మళ్లీ పేరు అడిగారు.

"మళ్ల మొదలువెట్టినవా?" అన్నాడు అన్న.

ఆమె తొలిసారి నవ్వారు. బడిలో పిల్లల ఎదురుమాటను ఏనాడూ సహించని టీచరునైన నేను, ఆ ఎదురుమాటకు చేతులు జోడించాను.