ఫాంటు పోయినా పాఠం పోలేదు

టైపు మాస్టారు పోయారని మంగళవారం పొద్దున బందరు నుంచి ఆయన కూతురు ఫోను చేసింది. కాలేజీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నదాన్ని, ఒక చెప్పుతోనే గుమ్మంలో కూర్చుండిపోయాను. గుడివాడ కాలేజీలో ఈ లెక్చరర్ ఉద్యోగం ఆయన వేళ్ళ చలవ. ఆ మాట ఆయన ఉండగా సరిగ్గా చెప్పలేకపోయాను. మీకైనా చెప్పుకోవాలి.

కోడూరు దగ్గర, సముద్రంలో చేపల వేట మీద బతికే ఇల్లు మాది. బందరులో చదువుకునే రోజుల్లో కోర్టుల దగ్గర ఆయన నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు టైపు నేర్చుకున్నాను. మీటలు చూసి కొడితే మా చేతుల మీద తువ్వాలు కప్పేసేవారు. "కళ్ళు కాగితం మీద, నమ్మకం వేళ్ళ మీద" అనేవారు. ఆ తువ్వాలంటే నాకు ఒళ్ళు మంట. కంప్యూటర్లు వచ్చాక టైపు మిషను మీటల వరసలోనే పనిచేసే తెలుగు ఫాంటొకటి ఎక్కడో సంపాదించి, మా అందరి కంప్యూటర్లలోనూ అదే ఎక్కించారు.

నాలుగేళ్ళ కిందట ఎం.ఫిల్. కోసం మా తాతయ్య చెప్పే సముద్రపు మాటలు రాశాను. గాలుల పేర్లు, వలల పేర్లు, నీళ్ళ రంగు చూసి చెప్పే గుర్తులు. ఆయన చెబుతుంటే పక్కన కూర్చుని నేరుగా పాత లాప్‌టాప్‌లో కొట్టేదాన్ని. కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఆ వేసవిలోనే తాతయ్య పోయాడు. చివరికి గడువు మీదికొచ్చింది. సోమవారం సాయంత్రంలోగా ఎం.ఫిల్. పుస్తకం యూనివర్సిటీలో ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషను రద్దు. సరిగ్గా గురువారం నా బుద్ధి గడ్డి తిని, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే స్పీడొస్తుందన్న మా బావ మాట విని సీడీ పెట్టాను. సగంలో ఆగిపోయింది. ఆపి మళ్ళీ వేస్తే నల్లటి తెర, మూలన మిణుకుమనే గీత.

శుక్రవారం లాప్‌టాప్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మొదటి బస్సుకి బందరు చేరాను. అప్పటికే మాస్టారు ఇన్‌స్టిట్యూట్ మూసేసి, కంప్యూటర్లు అమ్మేసి ఇంట్లోనే ఉంటున్నారు.

"ఇంకో కాపీ ఎక్కడన్నా ఉందా?"

"లేదండీ."

"మీ ఇంట్లో ఒక్క వలతోనే వేటకెళ్తారా?" అన్నారు.

తన దగ్గరున్న సీడీతో ఎలాగో లోపలికి వెళ్ళి, నా ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి లాగారు. ఇక ఫార్మాట్ చేసి సిస్టమ్ మళ్ళీ ఎక్కించడం తప్ప దారి లేదన్నారు. "నొక్కితే ఇందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోద్ది. సరుకంతా దించామా?" అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ దించామన్నాను. "అయితే నువ్వే నొక్కు. నీది కదా" అన్నారు. నొక్కాను.

లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. రెండింటికి తీయాల్సిన కరెంటు పావుగంట ముందే తీసేశారు. పాత యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. తెర మీద పని చూపించే గీత సగం కూడా నిండలేదు. అది ఆగిపోతే మళ్ళీ మొదటికే. ఆయన గోడగడియారం వైపు, నేను తెర వైపు చూస్తూ నిలబడ్డాం. యూపీఎస్ చచ్చేలోపు పని పూర్తయింది.

కరెంటు రాగానే పెన్‌డ్రైవ్ పెట్టి గబగబా ఫైలు తెరిచాను. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కామాలు కలగాపులగంగా ఉన్నాయి. ఫాంటు దించలేదు. ఫార్మాట్‌తో అది కాస్తా పోయింది. ఆయన దగ్గరున్న ఫ్లాపీకి బూజు పట్టింది. ఇద్దరు పాత శిష్యులకు ఫోను చేశారు, వాళ్ళూ మిషన్లు మార్చేశారు. ఏడ్చేశాను. తాతయ్య రెండోసారి పోయినట్టయింది.

"ఫాంటు సంగతి అడగనిది నేను. తప్పు నాది" అన్నారు మాస్టారు. తెర దగ్గరికి కుర్చీ లాక్కున్నారు. తర్వాత పది వేళ్ళూ బల్ల అంచు మీద ఆనించారు. ఒక్కో ఇంగ్లీషు అక్షరం చూస్తూ, ఆ మీట ఉండాల్సిన చోట బల్లను తడుతూ, ఆ మీటకి పడే తెలుగక్షరాన్ని నెమ్మదిగా చదివారు. "తూర్పు గాలి... తిరిగిన పూట... పడవ దించకు. మీ తాత మాటేనా?"

కళ్ళు తుడుచుకుంటూ తలూపాను.

"ఫాంటు పోయింది గానీ పాఠం పోలేదమ్మాయ్. ఆ మిషను ఇటు లాగు."

మూలనున్న టైపు మిషను దుమ్ము దులిపాం. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చిన ఆ రెండు గంటలు తప్ప ఆయన వేళ్ళు బల్ల దిగలేదు. ఆయన చదివారు, నేను కొట్టాను. మధ్యలో, "నీకూ వచ్చు ఇది. వేళ్ళు ఆనించి చూడు" అన్నారు. నాకు కంగారులో ఒక్క అక్షరం తెలియలేదు. సోమవారం మధ్యాహ్నం మూడింటికి పుస్తకం ఇచ్చాను.

ఫోనులో ఆయన కూతురు ఇంకో మాట చెప్పింది. "తను పోయాక పెట్టే ప్రార్థన కూడిక కార్డు ఎవరన్నా వేస్తే అచ్చుతప్పులు పడతాయని నాన్న తనే కొట్టి పెట్టుకున్నారక్కా. తెరిస్తే అన్నీ పిచ్చి గీతలు. దాన్ని నీకే పంపమని ముందే చెప్పారు."

ఫైలు తెరిచాను. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కామాలు. ఫాంటు లేని కూతురి కంప్యూటర్‌లో, ఒక్క తెలుగక్షరం కనపడకుండా, వేళ్ళను నమ్మి కొట్టారు. వేళ్ళు బల్ల అంచు మీద ఆనించాను. మొదటి వరస ఆయన పేరు. ఎక్కడా తప్పు లేదు.

పోయిన తేదీ దగ్గర ఖాళీ వదిలారు. అది నేను కొట్టాను. మీటలు చూడలేదు. చూసినా కనిపించేవి కావు.