మగపూలు కోసిన సారు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నాకో గట్టి నమ్మకం ఉండేది. మిర్యాలగూడలో కొత్తగా సైన్సు సారు ఉద్యోగం, ఎదురుగా నోరు తెరుచుకుని వినే నలభై మంది పిల్లలు. ఇరవై నాలుగేళ్ల వాడికి తల తిరగడానికి ఇంకేం కావాలి? నేను కిరాయికి దిగిన ఇంటావిడ మాత్రం నా చదువును లెక్కచేయలేదు. వాడంతా ఆవిడను పెద్దమ్మ అనేది, నేనూ అదే అన్నాను. మొదటి రోజే షరతు పెట్టింది: "సారూ, పెరట్ల పని జర అందుకోవాలె."

ఆ పనికి ఏడాది పొడుగునా అంతు ఉండేది కాదు. మృగశిర కార్తె రాగానే బీర, సొర గింజలు నానబెట్టి పెట్టాలి. వానలు ముదిరేలోగా పందిరి వేయాలి, బతుకమ్మకు పూలు అందేట్టు బంతినారు నాటాలి. చలి మొదలైతే టమాట, కొత్తిమీర. ఎండాకాలంలో మళ్ళు తవ్వి, పెంట ఎరువు కలిపి వదిలేయాలి. నాకు ఒక్కటీ చేతనయ్యేది కాదు. (ధనియాలు నలపకుండా అలాగే చల్లి, పదిహేను రోజులు మట్టికేసి చూస్తూ కూర్చున్న ఘనత నాది.) పెద్దమ్మ తిట్టేది, తిట్టి గిన్నెడు కూర పెట్టేది. తుంగతుర్తి దగ్గరి మా ఊరు వదిలి వచ్చాక, తిన్నవా అని నన్ను అడిగే మనిషి ఆవిడొక్కతే.

ఆవిడ కూతురు కోదాడలో ఉండేది. "ఒక్కదానివే అక్కడేం చేస్తావమ్మా, మా దగ్గరికి వచ్చేయొచ్చుగా" అని రోజూ ఫోన్లో పోరేది. ఆ వానకాలం పెద్దమ్మ పదిహేను రోజులు ఉండి వస్తానని బయలుదేరింది. వెళుతూ, "సొరపాదు పైలం సారూ" అంది. నాకు గుబులు పట్టుకుంది. అక్కడే ఉండిపోతే? వచ్చి చూసేసరికి పందిరి నిండా కాయలు వేలాడుతుంటే ఇక కదలదని నా ఆశ.

సాయంత్రం పూలు విచ్చుకోగానే పరీక్షగా చూశాను. కొన్ని పూల కింద వేలెడంత పిందె ఉంది. మిగతావి పొడుగాటి కాడతో ఉత్తగా నిలబడ్డాయి. పాదు బలమంతా ఈ సోమరిపోతులే తినేస్తున్నాయని తేల్చుకుని రోజూ ఒక్కటీ మిగలకుండా కత్తిరించాను. (పరాగ సంపర్కం పాఠం ఎనిమిదో తరగతికి చెప్పింది ఆ నెలలోనే. బాగా చెప్పానని పిల్లలు కూడా అన్నారు.) పిందెలు ఒక్కొక్కటే పసుపెక్కి రాలిపోతుంటే ఇంకాస్త ఎరువు వేశాను.

పెద్దమ్మ కూతురితో కలిసే వచ్చింది, సామాను సర్దుకుని పోదామని. సంచి కూడా దించకుండా పెరట్లోకి నడిచింది.

"ఒక్క కాయ లేదేంది సారూ?"

"పనికిరాని పూలన్నీ తీసేశాను పెద్దమ్మా."

ఆవిడ నన్ను చూసింది, పాదును చూసింది, అక్కడే కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మగపూలన్ని కోసినవా? మరి కాయ యాడికెళ్లి వస్తది? బడిల పిలగాండ్లకు గిదే చెప్తున్నవా?"

నేను వంగి రాలిన పిందెలు ఏరడం మొదలుపెట్టాను. అంతలో ఆవిడ కూతురి వైపు తిరిగింది. "సూసినవా బిడ్డా, ఈ సారును ఇడ్సిపెట్టి నేనెట్ల వస్త? పెరడంత ఖతం జేస్తడు." ఆ సాయంత్రం కూతురు ఒక్కతే కోదాడ బస్సెక్కింది.

పెద్దమ్మ ఇంకో మూడేళ్లు ఉంది. నేనూ పట్టుదలగా నేర్చుకున్నాను. మూడో ఏట పందిరి కాయల బరువుకు వంగింది. ఆవిడ దాని కింద నిలబడి, "ఇగ నీకు అన్నొచ్చినయ్ సారూ. నేను బిడ్డ దగ్గరికి పోత" అంది. నాలుగు రోజుల్లో వెళ్లిపోయింది. రెండేళ్లకు కబురు తెలిసి కోదాడ వెళ్లి చూసి వచ్చాను, ఆఖరి చూపు.

ఇప్పుడు సూర్యాపేటలో మూడో అంతస్తులో ఉంటున్నాను. వరండాలో ఆరు కుండీలు, మందలించే మనిషి లేదు. ఆవిడ మాట వినాలని చాలాసార్లు అనిపిస్తుంది. ఆ మూడో ఏడు కూడా చాటుగా మగపూలు కోసేసి ఉంటే ఇంకో ఏడాది ఉండేదేమో. అంత బాగా నేర్చుకోమని నాకెవరు చెప్పారు?