ఇసుక బిందెలతో నేర్చుకున్న దిగుడు

మా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, పెనుకొండ కొండ కింద కోతిగుండు అనే పెద్ద బండ పక్కన ఒక రాళ్ల దిగుడు ఉండేది... మా అన్న శీన సైకిల్ మీద ఆ దిగుడు దిగేవాడు. కింద ఆగి, సైకిల్ నెట్టుకుంటూ పైకెక్కేవాడు. మళ్లీ దిగేవాడు. పొద్దుగుంకేదాకా అదే పని.

కోతిగుండు మీద కోతులుండేవా అని అడగకండి. నేనైతే ఒక్కదాన్నీ చూడలేదు. మేమే ఎక్కుతుండేవాళ్లం కాబట్టి, పేరు పెట్టినవాళ్ల తప్పేమీ లేదు.

సైకిల్ మా నాయనది. ఆయన హిందూపురం మిల్లులో పనిచేస్తూ ఆదివారాలే వచ్చేవాడు. వారమంతా అది అన్నదే.

మా వీధిలో ఇంకో సైకిల్ వీరుడు డేవిడ్. వాళ్ల నాయనకు గవర్నమెంటు ఉద్యోగం. అందుకని డేవిడ్ సైకిల్ ముందు చక్రానికి మీటరు ఉండేది. చక్రం తిరిగేకొద్దీ అంకె మారేది. ఆదివారం చర్చి అయిపోగానే ఒకసారి ధర్మవరం దిక్కుకు, ఒకసారి హిందూపురం దిక్కుకు పోయేవాడు... తిరిగొచ్చి అందరికీ మీటరు చూపించేవాడు. అందులో ధర్మవరం కనబడుతుందేమో అన్నట్టు వంగి వంగి చూసేవాళ్లం.

"ఏమప్పా శీనా, నువ్వు దినామూ యాడికి పోతాండావు?" అనేవాడు డేవిడ్. "కోతిగుండు కాడ్నించి కోతిగుండు కాడికేనా?"

మేమంతా నవ్వేవాళ్లం.

"నాకు దూరంతో పనిల్యా. ఈ దిగుడొక్కటి వస్తే సాలు" అనేవాడు అన్న.

ఎందుకు చాలో చెప్పాలి. ఆ ఏడు వానల్లేవు. వీధి కొళాయి తిప్పితే గాలి వచ్చేది. గుండు అవతల ఒక రైతు బోరు ఒక్కటే దిక్కు. అదీ కరెంటు ఉన్నంతసేపే. అక్కడ్నించి ఇంటికి ఆ దిగుడు దిగే రావాలి. సైకిల్‌కు రెండు ప్లాస్టిక్ బిందెలు కట్టి నెట్టుకుంటూ వస్తే ఒక్క తడవకే కరెంటు పోయేది. ఎక్కి తొక్కుకుంటూ వస్తేనే రెండో తడవ అందేది.

అంతవరకూ నీళ్లు మోసింది అమ్మ. ఆ ఏడే అమ్మకు కడుపు ఆపరేషన్ అయింది. బరువెత్తితే కుట్లు నిలవవని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నాయన మిల్లుకు పోతూ, "శీనా, మీయమ్మ బిందె ముట్టగూడదు. ఇంగ నీదే పూచీ" అన్నాడు. అమ్మ మంచం మీద ఉన్నన్నాళ్లు పక్కింటివాళ్లు తలా కాసిన్ని నీళ్లు పోశారు. కరువులో ఎన్నాళ్లని పోస్తారు? వాళ్ల చేయి బిగిసేలోగా అన్నకు ఆ దిగుడు రావాలి.

నీళ్లతో నేర్చుకునే రోజులు కావవి. బిందె ఒలికితే వీధిలో కొట్లాటే. ఉపాయం అమ్మే చెప్పింది.

"ఇసుక పోసుకోరా అబ్బయ్యా. బరువు బరువే కదా. పడినా ఏం పోదు."

మా ఏట్లో ఇసుకకు ఎప్పుడూ కరువు లేదు. నీళ్ల బరువు తూగేంత ఇసుక రెండు బిందెల్లోనూ పోసి, క్యారియరుకు అటొకటి ఇటొకటి కట్టి, అన్న నేర్చుకున్నాడు. ఎక్కడ బ్రేకు పట్టాలి, ఏ రాయికి ఎటు తిప్పాలి... చివరికి డేవిడ్ కూడా గుండు మీద కూర్చుని, "వచ్చేసిందిరా నీకు!" అన్నాడు.

"మాకే సాల్తల్యామ్మా" అని పక్కింటామె అమ్మతో అన్న రోజు, అన్న మొదటిసారి నీళ్లకు బయలుదేరాడు. డేవిడ్, నేను వెనకాలే పోయాం. గొంతుదాకా పడితే దారిలో ఒలుకుతాయని బిందెలు కాస్త వెలితిగా పట్టాడు. తెలివైన పనే అనుకున్నాం.

దిగుడులో అన్నీ సరిగ్గానే చేశాడు. ముందు చక్రం రాయి దాటగానే బిందెల్లో నీళ్లు ఒక్కసారిగా ముందుకు ఊగి, వెనక్కి పోయి, పక్కకు కొట్టాయి. ఇసుక ఎన్నడూ అట్లా చేయలేదు. పోసినచోటే కూర్చునేది. నిండుకుండ తొణకదని బళ్లో చెప్పారు గానీ, వెలితి కుండ ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు...

సైకిల్ అన్న మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. వాడు కాలు చూసుకోలేదు.

"బిందెలు సూడరా... పగిలినాయా?" అన్నాడు నాతో.

పగల్లేదు. నీళ్లు మాత్రం మేము చూస్తుండగానే నేల తాగేసింది.

డేవిడ్ వాడిని తన సైకిల్ మీద కూర్చోబెట్టుకుని కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. బడి నుంచి వచ్చి నీళ్లు మేమే తెస్తామని అమ్మకు చెప్పాం. మర్నాడు కరెంటు మేము బడిలో ఉన్నప్పుడే వచ్చింది.

తర్వాత అన్న చెప్పాడు. అమ్మ బిందె తీసుకుంటే, లేవలేక మంచం మీద నుంచే అరిచాడట.

"పోవద్దుమా! నాయన నన్ను సంపుతాడు!"

"ఊరుకోరా. ఇంట్లో సుక్క నీళ్లు ల్యావు. సగం బిందే తెస్తాలే."

నేను బడి నుంచి వచ్చేసరికి బిందె పొయ్యి పక్కన ఉంది, నిండుగా. అమ్మ గోడకానుకుని కూర్చుంది. చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి. నీళ్లేననుకున్నాను.

కుట్లు విడిపోయాయి. మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయినా దక్కలేదు. చివరికి వాన వచ్చేసరికి అమ్మ లేదు.

ఇప్పుడు ఆదివారాలు బెంగళూరు నుంచి లావు టైర్ల సైకిళ్లతో పిల్లలు మా కొండకు వస్తున్నారు. ఎంత దూరం తొక్కారో ఫోన్లో చూసుకునేవాళ్లు కొందరు, ఒకే రాయి మీద పదే పదే దిగేవాళ్లు కొందరు. ఏది మేలని మొన్న నన్నే అడిగారు. మా అన్న నేర్చుకున్న తీరులో తప్పు లేదు. నేర్చుకోవడానికి రెండు బిందెల నీళ్లు లేవు, అంతే.

మా వీధిలో ఇప్పుడు ఇంటింటికీ కొళాయి ఉంది. పిల్లలు కాళ్లు కడుక్కుని, కట్టేయడం మరిచి ఆటకు పరిగెత్తుతారు. నేను అరవను. లేచిపోయి కట్టేసి వస్తాను...

మీ ఇంట్లో నీళ్లు మోసింది ఎవరు? ఒక్కసారి వాళ్ల పేరు కింద రాయండి.