పలకడం లేదని తీసుకొచ్చిన పిల్ల

2021, రెండో వేవ్ కాస్త సద్దుమణిగిన వానాకాలం. సూరత్‌లో ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో నేను ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి పరీక్షలు చేసే మనిషిని. పొద్దస్తమానం మాస్కు మీద మాస్కు, ఆపైన షీల్డు. అందరికీ అరిచి అరిచి సాయంత్రానికి నా గొంతే పోయేది. ఇంకొక్క పేషెంటు వస్తే ఏడ్చేస్తానేమో అనిపించేది.

అలాంటి ఒక రోజు నగరం శివారులోని ఉన్ అనే పేట నుంచి మల్లేశం వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ఏళ్లుగా ఇక్కడ మరమగ్గాల మీద పని. వెంట పదిహేనేళ్ల కూతురు రవళి.

“వాళ్లమ్మ కరోనాల పోయినప్పటిసంది పిల్ల ఉలుకదు, పలుకదు మేడం. తిండి లేదు, నిద్ర లేదు. చెవులు గిట్ల ఖరాబైనయేమో జర చూడుండ్రి. లేకుంటే ఊర్ల వాళ్ల చిన్నమ్మ దగ్గర దింపొస్త. నాతోని అయితలేదు.”

రవళిని బూత్‌లో కూర్చోబెట్టి ఆడియోగ్రామ్ తీశాను. హెడ్‌ఫోన్లలో శబ్దం వినబడగానే బటన్ నొక్కాలి. ఎంత మెల్లని శబ్దం దాకా వినగలరో అందులో తెలుస్తుంది. ఆ పిల్ల ఒక్కటీ వదల్లేదు. చీమ చిటుక్కుమన్నా వినే చెవులు!

“మరి నాన్నకి జవాబెందుకు చెప్పవు తల్లీ?”

“చెప్పిన మేడం! రోజూ చెప్పిన. బాపు సున్తా హీ నహీ, విననే వినడు. మళ్ల అడిగి తిడ్తడు. అమ్మ పోయినంక నేనంటే ఇష్టం లేదు బాపుకి. అందుకే మాట్లాడుడు బంద్ చేసిన.” వెక్కి వెక్కి ఏడ్చింది.

నిజం చెప్పాలంటే నాకు నీరసమొచ్చింది. కౌన్సెలర్ దగ్గరికి పంపేసి ఇంటికి పోదామనుకున్నాను. బయటికొచ్చి మల్లేశానికి అదే చెబుతుంటే ఆయన నా మాస్కు వైపే చూస్తున్నాడు.

“అది జర కిందికి తియ్యుండ్రి మేడం. సమజైతలేదు.”

అప్పుడు వెలిగింది నా బుర్ర. మగ్గాల మోతలో పనిచేసేవాళ్లు ఎదుటివాళ్ల మాటను పెదవులు చూసే పోల్చుకుంటారు. ఆయన్నీ బూత్‌లో కూర్చోబెట్టాను. బొంగురు శబ్దాలు అందుతున్నాయి, ఆడపిల్ల గొంతులాంటి సన్నటివి దాదాపు లేవు. ఆ సంగతి ఆయనకే తెలియదు. ఇన్నాళ్లూ కూతురి మాటల్ని భార్య గట్టిగా మళ్లీ చెప్పేదట. ఆమె పోయాక, ఆ భయానికి ఇంట్లోనూ మాస్కులే.

మాస్కులు దించి, షీల్డు వెనక నా పెదవులు ఆయనకు కనబడేలా నిలబడి అంతా చెప్పాను.

“అంటే... బిడ్డ నాతోని మాట్లాడుతనే ఉండెనా?”

రవళి ఆయన ఎదురుగా వచ్చి మాస్కు తీసింది. ఒక్కో మాటా విడదీసి పలికింది. “బాపూ, నేను ఊరికి పోను.”

“పోకు బిడ్డా, పోకు,” అంటూ ఆ మనిషి పిల్లను పట్టుకుని బావురుమన్నాడు.

పోయిన వినికిడి తిరిగి రాదు. మిషన్ పెట్టినా కొంతే. తల్లి లేని లోటు సరేసరి. కానీ ఇప్పుడు పిల్లలు పలకడం లేదని ఎవరొచ్చినా, ముందు తీసుకొచ్చినవాళ్లనే బూత్‌లో కూర్చోబెడతాను. చాలామందికి కోపమొస్తుంది. రానీ.