మబ్బులను కట్టేసిన కోట

నేను ల్యాబు అసిస్టెంటుగా పనిచేసే కాలేజీ వరండాలో కొత్తగా కడప బండలు పరుస్తున్నారు. పనివాళ్ళు ఒక్కో బండను అరగదీసి బకెట్టుతో నీళ్ళు కొడుతున్నారు. ఎండకు వేడెక్కిన నల్లరాయి మీద నీళ్ళు పడినప్పుడు వచ్చే వాసన ల్యాబు కిటికీలోంచి లోపలికి వచ్చింది. యాసిడ్ల వాసన మధ్యలో కూడా దాన్ని గుర్తుపట్టాను. చేతిలోని సీసా కింద పెట్టి కిటికీ దగ్గరికి పోయాను. ఆదివారం మధ్యాహ్నాలు సుభాన్ అన్న ఆట మొదలుపెట్టే ముందు బండను ఇలాగే కడిగేవాడు. చెంబుతో నీళ్ళు పోసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, అది ఆరేదాకా మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడు కాదు. ఆరాక సుద్దముక్క తీసుకుని దాని మీద ఒక రాజ్యం గీసేవాడు.

కడప నుంచి మైదుకూరు పోయే దారిలో, ఒక బండల పాలిష్ షెడ్డు పక్కన ఆయన కొట్టు ఉండేది. ప్రారంభోత్సవాలకు, శంకుస్థాపనలకు పెట్టే శిలాఫలకాలు చెక్కడం ఆయన పని. నేను ఆయన దగ్గరికి మొదటిసారి పోయింది గొడవ పెట్టుకోవడానికే. బద్వేలు దగ్గర మా ఊళ్ళో బడికి స్థలం ఇచ్చింది మా తాత. కొత్త గదులు కట్టి రాయి పెట్టినప్పుడు దాని మీద ప్రారంభోత్సవానికి వచ్చిన అతిథులందరి పేర్లూ ఉన్నాయి, మా తాత పేరు లేదు. ఆ అన్యాయం మీద నేను ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చివరికి రాయి చెక్కినవాణ్ణే నిలదీద్దామని వెతుక్కుంటూ పోయాను.

“ఆ రాయి కొట్టింది నువ్వేనా?” అన్నాను.

“నేనే. ఏమప్పా, పగిలిందా?”

“పగల్లేదు. మా తాత పేరు లేదు.”

ఆయన ఉలి పక్కన పెట్టి, కళ్ళద్దాల మీది దుమ్ము తుడుచుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు. “పేర్లు రాసిచ్చేది వాళ్ళు, కొట్టేది నేను. స్థలమిచ్చినోని పేరు లేకుండా శానా రాళ్ళు కొట్టినాలే. ఇంతకీ ఎంతమందికి అర్జీ పెట్టినావు?”

“పదకొండు మందికి.”

నవ్వుతాడేమో, నవ్వితే ఆ సంగతీ గుర్తుపెట్టుకుందామని చూశాను. నవ్వలేదు. “ఆదివారం మూడుగంటలకు రా. మాకాడ ఒక ఆట నడుస్తాండాది. రాజు మీద కోపముండే మనిషి ఒకడు తక్కువైనాడు,” అన్నాడు. ఎగతాళి చేశాడనే అనుకున్నాను. దానికి సంజాయిషీ అడగడానికే ఆ ఆదివారం పోయాను.

అది నేను ఎన్నడూ చూడని ఆట. ఆయన కొన్నేళ్ళు బెంగళూరులో ఇళ్ళకు వంటగది బండలు పరిచే పని చేశాడు. ఒక ఇంట్లో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథ ఆడుకుంటుంటే చూసేవాడు. ఒకసారి మనిషి తక్కువై ఆయన్ను కూడా కూర్చోబెట్టారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. ఏం చేస్తావని అడిగితే చెప్పాలి, అది అవుతుందో కాదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. వాళ్ళ ఇంగ్లీషు పుస్తకం ఆయనకు అర్థం కాలేదు. అందుకని ఊరికి తిరిగొచ్చాక నియమాలన్నీ తానే తెలుగులో రాసుకున్నాడు. పాచికను కూడా నాపరాయితో తానే చెక్కుకున్నాడు. అది ఏడు మీద ఎక్కువసార్లు పడుతుందని నేను రెండో వారంలోనే కనిపెట్టి, ప్రతి ఆటకూ లెక్క రాసి ఆయనకు చూపించేవాణ్ణి. “రాయికి కూడా ఇష్టాలుంటాయప్పా,” అనేవాడు.

ఆయన గీసిన రాజ్యంలో ఒక రాజు మంత్రగాళ్ళ చేత ఆకాశంలోని మబ్బులన్నీ పట్టించి, ఇనుప గొలుసులతో తన కోట బురుజులకు కట్టేయించాడు. ఏ ఊరికైనా వాన కావాలంటే పదిమంది మనుషులు కోటలో వెట్టి చేయాలి. మేము ఊళ్ళను కూడగట్టి, తిరుగుబాటు లేపి, ఆ మబ్బులను విడిపించాలి. నాతోపాటు ఆడేది ఇద్దరే. పద్మ ఊళ్ళు తిరిగే నర్సు. ఆటలో ఆమె పక్షులతో మాట్లాడే ఎర్రమ్మ అనే మందుల మనిషి. బస్సు కండక్టరు గంగాధర్ ఎవరి కంటా పడకుండా తిరిగే దొంగ. నేను కోట కొలువులోంచి గెంటేయబడిన వీరన్న. రాజు నీకు చేసిన అన్యాయం ఏమిటో రాసుకురమ్మంటే వాళ్ళిద్దరూ రెండేసి వాక్యాలు రాశారు. నేను నాలుగు పేజీలు రాశాను. సుభాన్ అన్న అన్ని పేజీలూ ఓపిగ్గా చదివి ఒక్కటే అడిగాడు. “అంతా బాగుండాది. ఈ వీరన్నకు ఇష్టమైంది ఏమన్నా ఉందా?” నాలుగు పేజీలూ మళ్ళీ తిరగేశాను. ఆ ప్రశ్న మీద కూడా కోపమొచ్చింది.

తిరుగుబాటు లేపడం మాకు మా సీమ పద్ధతిలోనే తెలుసు. “ఊరికొక పెద్దమనిషిని పట్టుకుంటే చాలన్నా, ఊరు మనదే,” అన్నాడు గంగాధర్. నేనూ అదే అన్నాను. రెండు ఆదివారాల్లో ఏడు ఊళ్ళ పెద్దలను కలిపేశాం. ఆటలోనే పొట్టేళ్ళు కోసి విందు పెట్టాం. మూడో ఆదివారం రాజు ఆ ఏడుగురినీ కోటకు పిలిపించి, తన పక్కన కుర్చీలు వేయించాడు. సాయంత్రానికి ఏడుగురూ రాజు మనుషులయ్యారు. సుభాన్ అన్న చిటికెన వేలితో బండ మీది ఏడు సుద్ద చుక్కలూ చెరిపేశాడు. “మీరు ఏడు మందిని చేర్చుకున్నారు, ఆయప్ప ఏడు మందిని కొనుక్కున్నాడు. ఊర్లు యాడుండాయో ఒక్కరన్నా పోయి చూసినారా?”

అప్పుడు దారి చూపింది పద్మ. ఆమె ఆడే ఎర్రమ్మ ఊళ్ళోకి పోయి రచ్చబండ దగ్గర ఆగలేదు. ఒక ఇంటి వసారాలో బియ్యం ఏరుకుంటున్న ఆమె పక్కన కూర్చుని, చేటలో చెయ్యి పెట్టి తనూ రాళ్ళు ఏరుతూ, “పిల్లోనికి కడుపునొప్పి తగ్గిందా?” అని అడిగింది. అంతే. తిరుగుబాటు మాటే ఎత్తలేదు. ఆ ఇంటి ఆమె గొంతు సుభాన్ అన్నదే. ఉలి పట్టిన ఆ మనిషి మోకాలు ముడుచుకుని, లేని చేటలో లేని రాళ్ళు ఏరుతూ, కొడుకును కోట వెట్టికి పంపిన తల్లి కష్టం చెబుతుంటే మాకు ఆ చేట నిజంగానే కనబడింది. ఆ రోజు నుంచి ఆయన ఒక నియమం పెట్టాడు. ఇంటికొక పాచిక. అది వేసే ముందు ఆ ఇంటి బాధేమిటో అడగాలి. అడగకపోతే పాచిక లేదు.

ఈ నియమం నాకు కష్టమైంది. నా బాధ చెప్పడం నాకు బాగా వచ్చు. ఎదుటివాళ్ళది వినేటప్పుడు రెండో మాటకే నాది అందుకునేవాణ్ణి. మట్టిపని చేసే ఉప్పరి మనిషిగా మాట్లాడుతున్న సుభాన్ అన్న మధ్యలో ఆపి, “వీరన్నా, నేను ఏడుస్తాండా. నీ ఏడుపు నా తర్వాత,” అనేవాడు. పద్మ, గంగాధర్ పడీపడీ నవ్వేవాళ్ళు. నేను మూతి ముడుచుకునేవాణ్ణి. మళ్ళీ ఆదివారం మూడు కాకముందే అందరికంటే ముందు అక్కడ ఉండేవాణ్ణి. కాలేజీలో లెక్చరర్లకు గాజు గ్లాసులో, నాకు కాగితం కప్పులో టీ ఇచ్చే రోజులవి. ఆ బండ దగ్గర నలుగురికీ ఒకే రకం గ్లాసులు. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నేను ఎక్కడా అంత ఇష్టంగా కూర్చోలేదు. అప్పుడు ఆ సంగతి ఒప్పుకుని ఉంటే బాగుండేది.

రెండేళ్ళకు మా తిరుగుబాటు కోట గోడ దాకా వచ్చింది. కోటకు మూడు వైపులా లోయ, ఇక్కడివాళ్ళకు గండికోట ఎలాగో అలాగే. లోయలోంచి పైకెక్కే తాళ్ళదారి ఉప్పుమెట్ట అనే ఊరివాళ్ళకే తెలుసు. ఆ ఊళ్ళో అందరూ వినేది తిమ్మప్ప మాట. ఈ తిమ్మప్పతో నాకు పాత పేచీ ఉంది. ఆట కొత్తలో నా వీరన్న ఎండన పడి పోయి అతని గడప ముందు నిలబడి దాహమన్నాడు. తిమ్మప్ప తలుపు సగం తీసి, “ఇంకో ఇంట్లో అడుగు పో,” అన్నాడు. మా వైపు దాహమన్న మనిషికి నీళ్ళు ఇవ్వకపోవడం పగ ఉన్న ఇళ్ళ మధ్యనే జరుగుతుంది. నేను ఆ రోజే వీరన్న వివరాలు రాసుకున్న నా కాగితం వెనక “తిమ్మప్ప, నీళ్ళు ఇవ్వలేదు” అని రాసి కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఆ ఆదివారం పద్మ ఆడే ఎర్రమ్మ అప్పటికే కోట లోపల ఉంది. ఆమె మొదటి గొలుసు తెంచగానే ఉప్పుమెట్ట జనం తాళ్ళు పట్టుకుని పైకి రావాలి. వాళ్ళను రమ్మని అడగాల్సింది వీరన్న.

“వీరన్నా, తిమ్మప్ప గడప ముందర ఉండావు. తలుపు సగం తీసినాడు. ఏం చేస్తావు?” అన్నాడు సుభాన్ అన్న.

“వాని గడప తొక్కను. గేటు వైపు నుంచి ఒక్కణ్ణే పోతా.”

“ఓబులేశన్నా, వాడు ఉత్తుత్తి మనిషి! సుభాన్ అన్న నోట్లోంచి వచ్చినోడు,” అన్నాడు గంగాధర్, ఆటలో పేరు వదిలేసి నా అసలు పేరుతో పిలుస్తూ.

“ఎవరి నోట్లోంచి వస్తే ఏం, నీళ్ళియ్యలేదు కదా.”

“అన్నా, ఎర్రమ్మ లోపల ఒక్కతే ఉండాది. ఒక్క మాట అడుగన్నా,” అంది పద్మ.

సుభాన్ అన్న సుద్దముక్కతో తిమ్మప్ప గడపను మళ్ళీ దిద్దాడు. “ఇంకొకసారి అడుగుతాండా. తిమ్మప్ప ఎదురుగా ఉండాడు. అతన్ని ఏమన్నా అడుగుతావా?”

“అడగను.”

పద్మ మూడుసార్లు పాచిక వేసింది. మూడుసార్లూ చిన్న అంకెలే. కోట మధ్యలో ఉన్న చుక్కను సుభాన్ అన్న వేలితో తుడిచేశాడు. “ఎర్రమ్మ పోయింది,” అన్నాడు. పద్మ ఎర్రమ్మ వివరాల కాగితం నాలుగు మడతలు పెట్టి హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడం మేము చూడకూడదని అటు తిరిగింది. అప్పుడైనా నా నోట ఒక మంచి మాట రావాల్సింది. “ఈ పాచిక సరిగ్గా లేదని నేను మొదటినుంచీ చెప్తానే ఉండా,” అన్నాను.

సుభాన్ అన్న గొంతు పెంచలేదు. “నీకు రాజు పోవాల్సిన పనిలేదప్పా. రాజు పోతే నువ్వు ఎవరి మీద అర్జీ రాస్తావు?”

నేను లేచి వచ్చేశాను. ఆ మాటను తేదీతో సహా రాసి పెట్టుకున్నాను.

పదమూడు నెలలు అటువైపు పోలేదు. ఆయనకు రాతిదుమ్ము వల్ల వచ్చిన దగ్గు ఎక్కువైందని, ఉలి పట్టడం మానేశాడని విన్నాను. ఒకరోజు గంగాధర్ కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. “వీరన్న ఇంకా ఆ గడప ముందరే నిలబడి ఉండాడంట. కాళ్ళు నొప్పులు పుడ్తాండాయేమో అడిగి రమ్మన్నాడు సుభాన్ అన్న,” అన్నాడు. నవ్వొచ్చింది. ఆపుకున్నాను. “ముందు ఆ మాట వెనక్కి తీసుకోమను,” అన్నాను. గంగాధర్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒక ఉదయం పద్మ రెండుసార్లు ఫోను చేసింది. ఎర్రమ్మ పోయిన రోజు ఆమె నా పక్షాన మాట్లాడలేదన్నది మనసులో ఉంది, ఎత్తలేదు. సాయంత్రం మెసేజి చూసేసరికి సుభాన్ అన్న పోయి, మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి చేయడం కూడా అయిపోయింది.

వచ్చిన ఆదివారం మూడింటికి కొట్టుకు పోయాను. పద్మ, గంగాధర్ అక్కడే ఉన్నారు. నాకూ ఒక గ్లాసులో టీ పోశారు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. నేను మానేశాక కోట కథను సుభాన్ అన్న ముందుకు నడపలేదని పద్మ చెప్పింది. వేరే చిన్న చిన్న కథలు ఆడించాడట. ప్రతి ఆదివారం మొదలుపెట్టే ముందు మాత్రం, “వీరన్న తిమ్మప్ప గడప ముందర ఉండాడు,” అని చెప్పి, నేను కూర్చునే వైపు కాసేపు చూసి, తర్వాత సుద్దముక్క పట్టుకునేవాడట. తర్వాత ఆమె ఆయన నోటు పుస్తకం తీసి నాకు ఒక పేజీ చూపించింది.

“తిమ్మప్ప. ఇంట్లో మూడు దినాలుగా చుక్క నీళ్ళు లేవు. బిడ్డకు జరం. లేవని పరాయి మనిషికి చెప్పుకోను సిగ్గు. ఎందుకియ్యలేదని అడిగితే చెప్తాడు. చెప్పినంక వీరన్న చెయ్యి ఇడిచిపెట్టడు.” దాని కింద వేరే సిరాతో ఇంకో వరుస ఉంది. “ఓబులేశు ఇంకా అడగలా.”

ముగ్గురం బండ చుట్టూ కూర్చున్నాం. కథ నడపడానికి పద్మ ఒప్పుకుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, “వీరన్నా, తిమ్మప్ప తలుపు సగం తీసినాడు,” అంది. “ఆ పొద్దు నాకు నీళ్ళెందుకియ్యలేదు తిమ్మప్పా?” అని అడిగాను. జవాబు ఆ పేజీలోనే ఉంది. పద్మ ఆ వరుస మీద వేలు పెట్టి చదవబోయి ఆగిపోయింది. గంగాధర్ వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. తిమ్మప్ప గొంతు మా ముగ్గురిలో ఎవరికీ రాలేదు. కథ అక్కడితో ఆగిపోయింది.

నేను మారిపోయానని చెప్పను. అర్జీలు ఇప్పటికీ రాస్తాను. కాకపోతే రాసే ముందు అవతలి మనిషి దగ్గరికి పోయి ఎందుకిలా చేశావని ఒకసారి అడుగుతున్నాను. టీ ఇచ్చే అటెండరును కూడా అడిగాను. సగానికి సగం గొడవలు అడిగిన దగ్గరే తేలిపోతున్నాయి. ఎవరైనా తమ కష్టం చెబుతుంటే నాది అందుకోబోయి ఆగుతాను. పూర్తిగా విన్నాక, నా మాట వినడానికి మూడుగంటలకు ఎదురుగా ఒక మనిషి లేడన్నది గుర్తొస్తుంది. ఆదివారాలు చాలా పొడవుగా ఉంటున్నాయి.

సుభాన్ అన్న మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. తిమ్మప్ప ఇంట్లో నీళ్ళు లేవని ఆయనకు తెలుసు. ఆ రోజు చెప్పి ఉంటే ఎర్రమ్మ బతికేది, నేను లేచి వచ్చేవాణ్ణి కాదు. చెప్పలేదు. ఇవాళ కాకపోతే రేపైనా నేను అడుగుతానని ప్రతి ఆదివారం నా చోటు వైపు చూశాడు. ఇన్నేళ్ళలో నన్ను అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. ఆ నమ్మకం మీద అర్జీ ఎవరికి పెట్టుకోవాలో నాకు తెలియదు.